ముందు పిండి మిషన్ దగ్గర చూసుకోండి

సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నోళ్లు గోధుమ మానేసి ఏడాదైనా తగ్గకపోతే అది రిఫ్రాక్టరీ, అంటే తిండి మార్చినా లొంగని రకం కావచ్చని మీ వ్యాసంలో రాశారు. చదువుతుంటే మా చెల్లెలే కళ్లముందు మెదిలింది. మాది అనంతపురం. సంగటి, జొన్నరొట్టె మీదే పెట్టినాం. 14 నెలలైనా విరేచనాలు ఆగలేదు, మనిషి ఎండుపుల్ల మాదిరి అయిపోయింది. పేగులో క్యాన్సరేమోనని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి డైటీషియనమ్మ ఒకటే అడిగింది, "జొన్నలు ఎక్కడ ఆడిస్తారు?" అని. పిండి మిషన్ దగ్గరికి పోయి చూస్తే, మాకంటే ముందు ఆడించిన గోధుమపిండి గొట్టం అంచున ఇంకా అంటుకునే ఉంది. ఇంగువ డబ్బా మీద కూడా మైదా అని రాసుంది! జొన్నలు, రాగులు కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీకి వేసుకున్నాక నాలుగు నెలల్లో తేరుకుంది.

అందరిదీ ఇదే అనుకోవద్దండి. తిండి పక్కాగా ఉన్నా తగ్గకపోతే మళ్లీ బయాప్సీ (పేగు ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాల్సిందే. రిఫ్రాక్టరీలో రెండు రకాలున్నాయి. మొదటి రకమైతే బ్యుడెసోనైడ్ లాంటి స్టెరాయిడ్ మందులతో చాలామంది కుదుటపడతారు. రెండో రకంలో పేగులోని లింఫోసైట్లే (ఒక రకం తెల్ల రక్తకణాలు) మారిపోయి లింఫోమా అనే క్యాన్సర్‌కు దారితీయొచ్చు. బరువు తగ్గడం, జ్వరం, కడుపునొప్పి తిరగబెడితే జాగు చేయకండి. సీలియాక్‌లో కొందరికి ప్లీహం సరిగా పనిచేయదు, వాళ్లకు న్యుమోనియా లాంటివి రాకుండా వేసే న్యూమోకోకల్ టీకా అవసరం. దయచేసి ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.