ఫ్రిజ్ అమ్మింది నేను, పరువు పోయింది ఆమెదట

ఒళ్ళింకా మండుతూనే ఉంది, అందుకే పొయ్యి మీద అన్నం పెట్టి మరీ రాస్తున్నాను. పొద్దున మా పెద్ద ఆడబిడ్డ కరీంనగర్ నుంచి వచ్చింది. చెప్పులు విప్పిందో లేదో, వంటింటి గడప దగ్గర నిలబడి "ఏందే, ఫ్రిజ్ ఏడవోయింది?" అంది. అమ్మేశాం వదినా అన్నాను. "అమ్ముకునుడేంది? మా తమ్ముడు గంత కష్టంల పడ్డడా? నాకొక్క మాట చెప్పరాదా?" కొత్తిమీర ఇద్దామని వచ్చిన పక్కింటి ఆంటీ పాపం, కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నానికల్లా ఫ్యామిలీ గ్రూపులో డబుల్ డోర్ ఫ్రిజ్ ఫోటో, కింద ఈఎంఐ లెక్క, పైన దండం బొమ్మ.

కష్టం కాదు తల్లీ, లెక్క. హన్మకొండ ఎండలు తెలియనట్టే మాట్లాడతారు. ఏప్రిల్ వచ్చిందంటే కూలర్, రెండు ఫ్యాన్లు, పైకి నీళ్ళెక్కించే మోటారు. వీటికి తోడు ఆ ముసలి ఫ్రిజ్. తలుపు రబ్బరు సడలిపోయి వేడిగాలి లోపలికి పోతుంటే కంప్రెసర్ ఆగేదే కాదు, అర్ధరాత్రి కూడా గుర్రుమంటూనే ఉండేది. ఫ్రీజర్‌లో మంచు పేరుకుని పాలప్యాకెట్ ఇరుక్కుపోతే అట్లకాడతో తవ్వి తీసేదాన్ని. రబ్బరు మార్పించాం, గ్యాస్ కొట్టించాం. మళ్ళీ అదే గోల.

మాది తెల్ల రేషన్ కార్డు ఇల్లు. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. 201 అయితే? ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి, వెయ్యి రూపాయల పైమాటే. ఏటా ఎండాకాలం మాకు ఆ గీత దగ్గరే బీపీ పెరిగేది. ఫ్రిజ్ పోయాక మే నెలలో కూడా జీరో వచ్చింది. ఇది కష్టమా, తెలివా మీరే చెప్పండి.

"మరి చల్లనీళ్ళు?" అంటుంది. రంజన్ కుండ ఉంది కదా! మట్టిలోంచి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, మన పొడి ఎండలకు అంతకన్నా ఏం కావాలి? వానలు పడితే అంత చల్లబడదు, నిజమే, కానీ అప్పుడు చల్లనీళ్ళు ఎవరికి కావాలి? టమాటా ఫ్రిజ్‌లో పెడితే రుచి చస్తుంది, ఉల్లి, ఆలు అసలు అందులో పెట్టేవే కావు. పాలు పొద్దున ఒక ప్యాకెట్, సాయంత్రం ఒకటి, మిగిలింది తోడు పెట్టడమే. ఇన్సులిన్ దాచుకునే వాళ్ళ సంగతి వేరు, వాళ్ళ జోలికి నేను పోను. మా ఫ్రిజ్‌లో దాచింది మందులు కాదు, మొన్నటి పప్పుచారు.

నిజంగా చెప్పండి, మీ ఫ్రిజ్‌లో మాత్రం ఏముంది? చిన్న చిన్న స్టీలు గిన్నెలు, మూతలుగా ప్లేట్లు. మొన్నటి పుంటికూర పప్పు, అటుమొన్నటి బెండకాయ వేపుడు. అది ఎవరు తింటారు? ఈయన "నిన్నటిదా?" అని వాసన చూసి పక్కకు జరుపుతారు. పిల్లలు ముక్కు మూసుకుంటారు. పారేస్తే పాపం. ఇక ఇంట్లో మిగిలిందెవరు? ఫ్రిజ్ వల్ల ఆడవాళ్ళకు పని తగ్గిందని చెప్పే మహానుభావులు దొరికితే ఆ బెండకాయ వేపుడు దగ్గరుండి తినిపించాలి.

రెండు ఏసీల ఇంటి నుంచి వచ్చి నాకు చెప్తోంది! చెల్పూరులో 1100 మెగావాట్ల కరెంటు ప్లాంటు, రామగుండంలో ఇంకా పెద్దది, భూపాలపల్లి, గోదావరిఖని బావుల బొగ్గు. బూడిద మనకు, ఎండ మనకు, పొదుపు చేయమనే నీతులూ మనకే. తీరా పొదుపు చేస్తే బికారిని చూసినట్టు చూస్తారు.

అసలు మంట అది కూడా కాదు. ఆ ఫ్రిజ్ మా నాన్న పెట్టింది. పెళ్ళి మాటలప్పుడు సామాను కాగితం రాసింది ఈ వదినే. మంచం, బీరువా, టీవీ, ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన "డబుల్ డోర్" అని తర్వాత ఎవరు చేర్చారో ఆ భద్రకాళి తల్లికే తెలియాలి. నాన్న ఏనుమాముల మార్కెట్లో హమాలీ. వాయిదాల మీద సింగిల్ డోర్ తెచ్చాడు. ఆటోలోంచి దించగానే ఈమె దాని చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "గింతేనా? పండుగకు నలుగురొస్తే గిండ్ల ఏం పడ్తది?" అంది, పదిమందిలో. నాన్న తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. ఆ తర్వాత ప్రతి దసరాకూ, "మీ నాయన పెట్టిన అగ్గిపెట్టెల ఐసు ఉన్నదా?" నా పెద్దోడు బడికి పోయేదాకా నాన్న ఆ వాయిదాలు కడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ అగ్గిపెట్టె ఇంట్లో లేకపోతే ఈమెకు పరువు పోయిందట.

ఇంతకీ దాన్ని అమ్మితే మూడు వేలొచ్చాయి. పాత సామాను అతను రెండున్నరకు మించి ఇవ్వనన్నాడు, నేనూ మొండికేశాను. ఆ డబ్బుతో హన్మకొండ చౌరస్తాలో మా నాన్నకు కళ్ళజోడు చేయించాను. నీకు చెప్పలేదు కదూ వదినా, ఇదిగో చెప్తున్నాను. ఇది కూడా గ్రూపులో పెట్టెయ్యి.