తాత తుపాకీ ఎవరి పేరిట?

సీమలో అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే దస్తావేజులో సర్వే నంబర్లు రాస్తారు, ఇంటి గదులు రాస్తారు, బావిలో ఎవరికెంత వాటా అన్నదీ రాస్తారు. గోడకు వేలాడే తుపాకీ ఊసు మాత్రం ఉండదు. ‘అది పెద్దోడిదే’ అనే నోటిమాట మీద చేతులు మారిపోతుంది. నోటిమాట మీద అసలు చేతులు మారకూడనిది అదే.

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో పాత లైసెన్సులున్న ఇళ్లకు వెళ్తే డబుల్ బ్యారెల్ పన్నెండు బోర్ తుపాకీయో, ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 315 రైఫిలో కనిపిస్తుంది. దసరా ఆయుధపూజలో మడక పక్కన, కొడవళ్ల పక్కన దానికీ ఓ కుంకుమ బొట్టు. దగ్గరికెళ్లి చూడండి. చెంప ఆనించిన చోట మడమ కర్రకు పాలిష్ పోయి నున్నగా తేలి ఉంటుంది. తోలు పట్టీ ఎండి బీటలు వారినా దాన్ని మార్చనివ్వరు. తాత భుజాన ఉన్నది అదే పట్టీ కదా అంటారు. ఈ మమకారాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ మమకారం లైసెన్స్ కాదు.

ఆ తుపాకీ చేసిన పని ఎప్పుడో అయిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. 1991 సవరణతో లైసెన్స్ తీసుకుని సరదాగా వేటాడే దారి కూడా మూసుకుపోయింది. బట్టమేక పక్షి కోసం రోళ్లపాడులో, కలివికోడి కోసం లంకమలలో అభయారణ్యాలు వచ్చాయి. కలివికోడి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పిట్టను 1986లో కడప జిల్లా చిట్టడవిలో రాత్రిపూట టార్చి వెలుగులో పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలకు దొరకనిది ఆయనకు దొరికింది. ఏ పొద ఎక్కడుందో, ఏ పిట్ట ఎప్పుడు కదులుతుందో ఆ తరానికి తెలుసు. మనవళ్లు తుపాకీ అడుగుతున్నారు గానీ ఆ తెలివి అడిగేవాళ్లు తక్కువ. అహోబిలంలో చూడండి, కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. చెంచులు విల్లంబులతో వచ్చి మర్యాద చేస్తారు. జంతువును చంపకుండానే వేటను తరతరాలుగా అందించుకుంటున్నారు.

ఇక చట్టం. లైసెన్స్ మనిషికిస్తారు, ఇంటికి కాదు. లైసెన్స్‌దారు కన్నుమూసిన రోజు నుంచి ఆ తుపాకీని దగ్గర పెట్టుకునే హక్కు ఇంట్లో ఎవరికీ లేనట్టే. దాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. ‘కర్మకాండలు అయ్యాక చూద్దాంలే’ అని పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లు ఆయుధాల చట్టం కింద ముద్దాయిలవుతారు. డిపాజిట్ చేసి పట్టించుకోకపోయినా చిక్కే, గడువు దాటితే అది ప్రభుత్వపరమవుతుంది.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్‌దారుకు డెబ్బై ఏళ్లు నిండినా, లేక తుపాకీ తన దగ్గర పాతికేళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుణ్ణి చూపించి ఆ మనిషి పేరున లైసెన్స్ కోరవచ్చు. వారసుడంటే కొడుకే కానక్కర్లేదు. కూతురు, కోడలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. మన ఇళ్లలో ఈ మాట ఎవరూ ఎత్తరు! మిగిలిన వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, పోలీసు విచారణ జరగాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఊళ్లలోనైతే కొత్త లైసెన్స్‌కు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం కూడా కావాలి.

‘పందులు చెనిక్కాయ చేను తవ్వేస్తున్నాయి, తుపాకీ లేకుంటే ఎట్లా?’ అని అడిగే రైతులున్నారు. న్యాయమైన ప్రశ్నే. పంట కాపలాకు గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్స్ ఇవ్వడానికి చట్టంలోనే వీలుంది. అయితే అది కాపలాకు ఇచ్చే అనుమతి, వేటకు కాదు. తాత రైఫిల్‌కు ఆ సాకు అతకదు.

సీమలో తుపాకీ చుట్టూ ఇంకో లెక్క కూడా ఉంది. 1800లో దత్తమండలాలు, అంటే ఈ సీమ ప్రాంతం, ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చాక కలెక్టర్ మన్రో మొదట చూసుకున్నది పాలెగాళ్ల బలం అణచడం. ఆ తర్వాత 1878 ఆయుధాల చట్టం లైసెన్స్ లేని భారతీయుడి చేతిలో ఆయుధం లేకుండా చేసింది. అప్పటి నుంచి లైసెన్స్ ఉండటమే ఒక హోదా. ఫ్యాక్షన్ రోజుల్లో ఆ హోదాకు భయం తోడైంది. అందుకే ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని కబురొస్తుంది. ‘సెంటిమెంట్’ అని మనం చెప్పే దాంట్లో ఎంత తాత జ్ఞాపకం, ఎంత ఊళ్లో పరపతి అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి మాత్రమే వచ్చే కొడుకు పేరిట లైసెన్స్ మార్పిస్తే, ఏడాదంతా ఆ తుపాకీకి కాపలా ఎవరు? ముసలి తల్లా? అలాంటప్పుడు దాన్ని లైసెన్స్ ఉన్న డీలర్‌కు అమ్మేయడమే మేలని నా అభిప్రాయం.

అమ్మడానికి మనసొప్పనివాళ్లకు ఇంకో దారి చూపించాలి. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధాలను ఇప్పటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్ తన పరిధి నుంచి తప్పించింది. కానీ పనిచేసే తుపాకీని అధికారుల అనుమతితో శాశ్వతంగా పనికిరాకుండా చేయించి గోడకు ఉంచుకోవడం ఎలాగో మామూలు కుటుంబానికి చెప్పే దిక్కు లేదు. సొంతంగా ఊరి కమ్మరితో చేయిస్తే కొత్త కేసు తెచ్చుకున్నట్టే. కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగం తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వస్తుంది. డెబ్బై దాటినవాళ్ల ఫారంతో పాటు ఒక కాగితం చేర్చి మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఎవరికిస్తారు, అమ్ముతారా, పనికిరాకుండా చేయిస్తారా? ఏది ఎంచుకుంటే ఏ ఆఫీసుకు వెళ్లాలో కిందే తెలుగులో రాసిపెట్టాలి. 2022లో జిల్లాలు విడిపోయాక పాత కర్నూలు లైసెన్సుతో నంద్యాలలో, పాత అనంతపురం లైసెన్సుతో పుట్టపర్తిలో ఎవర్ని కలవాలన్నదీ ఆ కాగితంలోనే ఉంటే ఇంకా మంచిది.