‘రెండో రాబందు’ కథ: యుద్ధ ఫోటోల మీద తిరిగే మెసేజ్‌కు జవాబు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కాలేజీలో యుద్ధ ఫోటోల ప్రదర్శన పెడదామని ఎవరైనా అనగానే, వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత మెసేజ్ మళ్లీ లేస్తుంది. దాని సారం ఇది: “అవార్డులొచ్చిన యుద్ధ ఫోటోలన్నీ సెట్టింగే. చావుబతుకుల్లో ఉన్న పాపను రాబందుకు వదిలేసి ఫోటో తీసినోడికి ప్రైజ్ ఇచ్చిన్రు. ‘అక్కడ ఉన్నవి రెండు రాబందులు, ఒకదాని చేతిలో కెమెరా ఉంది’ అని ఎవరో ఫోన్‌లో అంటే సిగ్గుతో ప్రాణం తీసుకున్నడు. వీళ్లు ఎవరినీ కాపాడరు, శవాల మీద లక్షలు సంపాదిస్తరు. ఇసొంటివి పిల్లలకు చూపెట్టుడు పాపం.”

ముందు రాబందు సంగతి, ఎందుకంటే మెసేజ్ బలమంతా అక్కడే ఉంది.

ఆ ఫోటో 1993 మార్చిలో సూడాన్‌లోని అయోద్‌లో (ఇప్పుడది దక్షిణ సూడాన్) తీసింది. తీసింది దక్షిణాఫ్రికాకు చెందిన కెవిన్ కార్టర్. మార్చి 26న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. పాప ఏమైందని పాఠకులు వరుసగా అడిగితే, నాలుగు రోజులకే ఆ పత్రిక వివరణ వేసింది: కార్టర్ రాబందును తరిమాక బిడ్డ మళ్లీ లేచి నడిచింది, అన్నం పెట్టే కేంద్రం దాకా చేరిందో లేదో తెలియదు. 2011లో స్పెయిన్ పత్రిక ఎల్ ముండో ఆ ఊరికి వెళ్లి ఆరా తీస్తే తేలినవి రెండు. అది పాప కాదు, బాబు. ఆ కరువులో చనిపోలేదు, సుమారు 2007లో జ్వరంతో పోయాడు. ఫోటోలో బిడ్డ చేతికి ఐక్యరాజ్యసమితి ఆహార కేంద్రం పట్టీ ఉంది. అంటే ఆ బిడ్డ పేరు అప్పటికే అక్కడ నమోదై ఉందన్నమాట. వాట్సాప్‌లో నలిగిన కాపీలో ఆ పట్టీ కంటికి ఆనదు.

కార్టర్‌ను తప్పుపట్టడానికి చోటు లేదనడం లేదు. రాబందు రెక్కలు విప్పుతుందేమోనని ఇరవై నిమిషాలు చూశానని ఆయనే చెప్పుకున్నాడు. దాన్ని విమర్శించవచ్చు, అప్పుడే విమర్శించారు కూడా. అమెరికాలో ఒక పత్రిక ఆయన్ని ఆ చోట ఉన్న మరో రాబందుతో పోల్చింది. ఆ పోలికకు తర్వాత ఎవరో ఫోన్ సంభాషణ అతికించి, దాన్నే చావుకు కారణం చేశారు. ఆ ఫోన్ కాల్‌కు ఆధారమేదీ లేదు. 1994 ఏప్రిల్‌లో ఆ ఫోటోకు అమెరికాలో పత్రికారంగానికిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ ప్రకటించారు. అదే నెల 18న ఆయన దగ్గరి స్నేహితుడు, ఫోటోగ్రాఫర్ కెన్ ఊస్టర్‌బ్రూక్ దక్షిణాఫ్రికాలోని థొకోజాలో కాల్పుల్లో చనిపోయాడు. జూలై 27న కార్టర్ పోయాడు, వయసు 33. ఆయన రాసిపెట్టిన చీటీలో ఉన్నవి అప్పులు, ఇంటి అద్దె, కళ్లారా చూసిన హత్యలు, శవాలు. రాబందు మాట అందులో లేదు.

ఈ కథ ఎంత దూరం పోయిందంటే, 2020 మే 28న లాక్‌డౌన్ వలస కూలీల కేసులో, సర్కారును విమర్శించేవాళ్ల మీద సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా సుప్రీంకోర్టులోనే దాన్ని వినిపించారు. బొంబాయి బస్సుల్లో బతుకుదెరువుకు పోయినవాళ్లు ఇంటికో మనిషి ఉన్న పాలమూరులో ఈ కథను ఎవరి నోళ్లు మూయించడానికి వాడారో విడమరిచి చెప్పక్కర్లేదు.

“అన్నీ సెట్టింగే” అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లో నకిరేకల్ దాటని జంట వెనక స్విట్జర్లాండ్ కొండలుంటాయి. స్టూడియోలో మబ్బులు మార్చడం, అడ్డొచ్చిన మనిషిని క్లోన్ టూల్‌తో (ఫోటోలో ఒక చోటిని నకలు తీసి మరోచోట అతికించేది) చెరపడం రోజూ పనే. వార్తా ఫోటోలో అదే పని చేస్తే ఉద్యోగం పోతుంది. 2003లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ బ్రయన్ వాల్‌స్కీ ఇరాక్‌లో తీసిన రెండు ఫ్రేములను ఒకటిగా కలిపాడు. జనంలో కొందరి బొమ్మలు రెండుసార్లు పడటంతో దొరికిపోయాడు, పత్రిక తీసేసింది. 2006లో బీరుట్ మీద పొగను క్లోన్ చేసి పెంచిన అద్నాన్ హజ్ ఫోటోలు 920 ఉంటే, వార్తాసంస్థ రాయిటర్స్ మొత్తం అమ్మకం నుంచి తొలగించింది. నార్సిసో కాంట్రేరాస్ సిరియా ఫోటో మూలన కనిపించిన ఒక వీడియో కెమెరాను చెరిపిన సంగతి 2014లో బయటపడింది. ఎవరికీ నష్టం లేని చిన్న వస్తువే. ముందటి ఏడాది పులిట్జర్ పంచుకున్నవాడైనా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ఆయనతో తెగతెంపులు చేసుకుంది.

నెదర్లాండ్స్‌లో 1955లో మొదలైన వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశలకు చేరిన ఫోటోకు కెమెరా అసలు ఫైల్ పంపాలి, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా. నిపుణులు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. క్రాప్ చేయొచ్చు, నలుపు తెలుపు చేయొచ్చు. ఉన్నది తీసేయడం, లేనిది కలపడం కుదరదు. 2015లో ఆఖరి ముందు రౌండ్‌కు వచ్చిన ఫోటోల్లో 20 శాతం ఈ పరీక్షలో పోయాయి. మెసేజ్ రాసినవాళ్లు ఆ 20 శాతం చూపించి “చూశారా, దొంగలే” అంటారు. పట్టుకుని బయటికి పంపినవాటి లెక్క అది, గోడకెక్కినవాటిది కాదు.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2022 మార్చి 9న ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రిపై దాడి తర్వాత, స్ట్రెచర్ మీద గర్భిణిని మోసుకెళ్తున్న ఫోటోను ఏపీకి చెందిన యెవ్‌గెన్ మలోలెత్కా తీశాడు. ఒకే మోడల్ రెండు వేషాలు వేసిందని రష్యా రాయబార కార్యాలయం ప్రచారం చేసింది. కానీ స్ట్రెచర్ మీదున్నామె, వేరే ఫోటోల్లో కనిపించిన మరో గర్భిణి ఇద్దరూ వేర్వేరు స్త్రీలు. ఆ రెండో ఆమె మర్నాడు ఆడపిల్లను కన్నది. స్ట్రెచర్ మీదున్నామె, ఆమె బిడ్డ చనిపోయారు. 2023లో వరల్డ్ ప్రెస్ ఫోటో ఆఫ్ ది ఇయర్ అదే.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. సాయుధ పోరాటం నాటి మన మహిళలు తుపాకులు పట్టి వరుసగా నిలబడ్డ ఫోటో చూసే ఉంటారు. అది కెమెరా కోసం నిలబడిన చిత్తరువు, చూడగానే తెలుస్తుంది. పోరు నడుస్తుండగా తీసిందని కింద రాస్తేనే అబద్ధమవుతుంది.

“ఎవరినీ కాపాడరు” అన్నదానికి: 1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్‌బాంగ్‌లో నాపాం (అంటుకుని మండే) బాంబుతో కాలిన తొమ్మిదేళ్ల పిల్ల ఫోటో అందరికీ తెలుసు. (బాంబు వేసింది దక్షిణ వియత్నాం విమానం, మెసేజుల్లో రాసినట్టు అమెరికాది కాదు.) ఆ పిల్లను బండిలో ఆసుపత్రికి చేర్చింది ఏపీ ఫోటోగ్రాఫర్ నిక్ ఉట్. ఆ షట్టర్ నొక్కింది ఆయనేనా అన్నదానిపై 2025లో వివాదం లేచింది. వరల్డ్ ప్రెస్ ఫోటో తీసినవారి పేరును పక్కన పెట్టింది, ఏపీ మాత్రం ఆయన పేరే ఉంచింది. ఫోటో నిజమన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. ప్రదర్శన పెట్టేవాళ్లు ఈ సంగతి కూడా బోర్డు మీద రాయాలి.

లక్షల మాట త్వరగా ముగిద్దాం. పులిట్జర్ సొమ్ము ఇప్పుడు 15,000 డాలర్లు. రాయిటర్స్ బృందంతో కలిసి 2018లో దాన్ని గెలిచిన మన దేశపు ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దీఖీ 2021 జూలై 16న అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్‌లో హతమయ్యాడు.

పిల్లలకు చూపించడం మీద అభ్యంతరంలో న్యాయముంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర పోయినవారిని ఏళ్ల తరబడి కెమెరాల ముందు నిలబెట్టిన జిల్లా ఇది. చూపించడం, చూపి చూపి అరగదీయడం వేరని ఇక్కడివాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. దానికి మందు ప్రదర్శన రద్దు కాదు, అమరిక. శవాలున్న ఫోటోలు తలుపు దగ్గర వద్దు. లోపల తెర కట్టి, ముందు హెచ్చరిక రాసి, పక్కనుంచి పోయే దారి వదలాలి. ఫోటో మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, ఎనిమిదో తరగతి లోపు పిల్లలొస్తే ఇంకాస్త కిందికి. ఫ్లెక్సీ మీద వేయొద్దు: ట్యూబ్‌లైట్ వెలుగు మెరిసి ముఖాలు కనబడవు. మాట్ కాగితం మేలు. 12×18 అంగుళాల ప్రింట్‌కు 3600×5400 పిక్సెళ్లుంటే బాగుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన కాపీ పొడవు 1600 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది, సాగదీస్తే అలుక్కుపోతుంది. నెట్‌లోంచి దించి వేయడం ఎలాగూ చట్టం ఒప్పదు, ఫోటో హక్కులున్న ఏజెన్సీకి రాసి అనుమతి తీసుకోవాలి. వాళ్లు పంపే ఫైల్‌లోనే తేదీ, చోటు, వివరం ఉంటాయి. వాట్సాప్ దాటాక అవి రాలిపోతాయి, ఖాళీ అయిన ఆ చోట్లోనే ఫోన్ కాల్ కథలు చేరతాయి.

కాబట్టి రాబందు ఫోటో పెడితే కింద ఇలా ఉండాలి: “అయోద్, సూడాన్, మార్చి 1993. ఐక్యరాజ్యసమితి ఆహార కేంద్రానికి వెళ్తూ కూలబడిన బిడ్డ, వెనక రాబందు. ఫోటోగ్రాఫర్ తర్వాత దాన్ని తరిమాడు. 2011లో తెలిసినదాన్ని బట్టి ఆ బాబు ఆ కరువును దాటి బతికాడు. ఫోటో: కెవిన్ కార్టర్. పులిట్జర్, 1994.”