మహారాజశ్రీ ల్యాబ్ రికార్డు గారికి

మహారాజశ్రీ ల్యాబ్ రికార్డు గారి దివ్యసముఖానికి, బీటెక్ కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, నా కుడిచేతి నడిమి వేలు మీద కాసిన కాయ తప్ప. మీరు డిపార్ట్‌మెంటు గదిలో, బీరువా మీద, దుమ్ములో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ల్యాబ్‌లో చేసిన ప్రోగ్రాములన్నీ చేత్తో రాసి అప్పగించే నోటుబుక్కు కదా మీరు, మీ మొదటి పేజీలో నా పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్నాయి. ఈ పని ఈ విద్యార్థే స్వయంగా చేశాడని ఆ పేజీలో అచ్చేసి ఉంటుంది. దానికి బోనఫైడ్ అని ఒక పెద్ద మాట. స్వయంగా చేసిన మాట నిజమే. పెన్ను పట్టుకున్నది నేనే.

మాది కందుకూరు పక్కన పల్లె. నెల్లూరు దగ్గర కాలేజీలో సీటొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మా కందుకూరును ప్రకాశం జిల్లాలోంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. జిల్లా హద్దులే కదిలాయి గానీ, మీ మార్జిన్ మాత్రం చీమ తల మందం కూడా కదల్లేదు. అది పెన్సిల్‌తోనే గీయాలి. హెడ్డింగు నల్ల ఇంకు, మేటరు నీలి ఇంకు. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్. మా ఇంట్లో పెళ్లిపత్రికకు కూడా ఇన్ని నియమాలు పెట్టలేదు.

మొదటి సెమిస్టర్ సెలవులకు ఇంటికెళ్లాను. రాత్రి పదకొండు దాటింది. నులక మంచం మీద బోర్లా పడుకుని మిమ్మల్ని రాస్తున్నాను. మా నాయన పొగాకు బ్యారన్ దగ్గర మంట చూసుకుని వచ్చి తలుపు దగ్గర ఆగాడు.

"కంప్యూటర్ చదువన్నావు గదరా, పెన్నుతో రాస్తన్నావేంది?"

"రికార్డు నాయనా."

"మరి కొనిచ్చిన ల్యాప్‌టాప్ యాడ?"

చూపించాను. మీ కిందే ఉంది. నులక మంచం కుంగుతుంది, అక్షరాలు కుదురుగా రావు, అందుకని కింద అట్టలాగా పెట్టుకున్నాను. కిందటి పంట బేళ్లు వేలంలో పోయిన డబ్బులోంచి 42 వేలు పెట్టి కొన్న అట్ట అది. నాయన కాసేపు చూశాడు. "పోన్లే, గట్టిగానే ఉందిగా" అని లోపలికి పోయాడు.

మిగిలిన పేజీలు సింగరాయకొండలో రైలెక్కి రాశాను. పెన్నా వంతెన మీద రాసిన లూపు మీ 23వ పేజీలో ఇప్పటికీ వణుకుతూనే ఉంది. దాని కింద కూడా సార్ సంతకం పడింది.

మీ తమ్ముడు అబ్జర్వేషన్ బుక్కు సంగతి కూడా చెప్పుకోవాలి. ముందు ప్రోగ్రాం ఆయనలో రాయాలి. సార్ టిక్కు పెట్టాక అదే ప్రోగ్రాంను మీలోకి ఎక్కించాలి. చివర ఫలితం అని రాసి "ప్రోగ్రాం ఎగ్జిక్యూటెడ్ సక్సెస్‌ఫుల్లీ" అని ముగించాలి. మా ల్యాబ్ బుధవారం. ఈ వాక్యం మంగళవారం రాత్రే రాసేస్తాం. అప్పటికి ప్రోగ్రాం టైపు కూడా చేసి ఉండం. పంచాంగం కూడా ఈ ఏడాది వాన ఎన్ని కుంచాలో ముందే చెబుతుంది గానీ, పాపం "కురిసింది" అని మాత్రం రాయదు.

1843లో అడా లవ్‌లేస్ కాగితం మీద ప్రోగ్రాం రాసిందని మొదటి క్లాసులో చెప్పారు. ఆమె రాసిందంటే అర్థముంది. ఆమె ఏ యంత్రం కోసం రాసిందో అది అప్పటికి తయారే కాలేదు, ఆ తర్వాత కూడా కాలేదు. నా ముందు యంత్రం ఉంది. మధ్యాహ్నం పూట కరెంటు కూడా ఉంటుంది.

ఇక ల్యాబ్‌లో మీ జతగాడు, ఆ నీలి తెర. టర్బో సీ ప్లస్ ప్లస్, సీ భాషలో రాసిన ప్రోగ్రాంను నడిపే సాఫ్ట్‌వేర్. 1990లో పుట్టింది, అంటే మా చిన్న మేనమామ ఈడుది. ఇప్పటి విండోస్ దాన్ని గుమ్మం ఎక్కనివ్వదు. అందుకని పాతకాలం కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఆ నాటకంలో దీన్ని నడిపేవారు. ముసలాయనకు బయటి లోకం మారిందని తెలియనివ్వకుండా ఇంట్లో వాళ్లంతా జాగ్రత్త పడ్డట్టు.

మన మధ్య అసలు గొడవ మొదలైంది ఫ్యాక్టోరియల్ దగ్గర, అంటే ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించే లెక్క దగ్గర. మీకు గుర్తుండే ఉంటుంది, నాలుగో ప్రోగ్రాం. సీనియర్ల రికార్డుల్లో ఇచ్చిన సంఖ్య 5, వచ్చిన జవాబు 120. వాళ్ల సీనియర్ల దాంట్లోనూ 5, 120. ఫ్యాక్టోరియల్ అంటే 5కి మాత్రమే ఉంటుందని నమ్మే పిల్లలు మా బ్యాచ్‌లో ఉన్నారంటే నేను ఆశ్చర్యపోను. నాకేమో వేలు ఊరుకోదు. 8 కొట్టాను.

మైనస్ 25216 వచ్చింది.

ఎనిమిది అంకెలను ఒకదాన్నొకటి గుణిస్తే మైనస్ రావడమేంటి? హాస్టల్‌కి వెళ్లి తవ్వితే తేలింది. ఆ నీలి తెర మీద ఇంట్, అంటే పూర్ణ సంఖ్యను దాచుకునే చోటు, 2 బైట్లే, అంటే 16 బిట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. 8 ఫ్యాక్టోరియల్ 40320. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకు తిరిగినట్టు, ఇదీ 32767 దాటగానే గిర్రున తిరిగి మైనస్‌ల అడుగు నుంచి పైకొస్తుంది. 40320లోంచి 65536 తీసేయండి, అదే వస్తుంది. నిజం చెప్పాలంటే మొదటి ఏడాదంతటిలో కంప్యూటర్ నాతో మాట్లాడిన మాట అదొక్కటే.

ఆ సాయంత్రపు తవ్వకానికి ముందు, ల్యాబ్‌లోనే సార్‌ను పిలిచి చూపించాను. ఆయన తెర వంక చూశారు, నా వంక చూశారు.

"8 ఎందుకిచ్చావు?"

"ఊరికే సార్. మైనస్ ఎందుకొచ్చిందని..."

"రికార్డులో ఎంతుంది?"

"5 సార్."

"మరి 5 ఇవ్వు."

నేను 5 ఇచ్చాను. 120 వచ్చింది. ఆయన వెళ్లిపోయారు. కానీ ఆ రాత్రి మీ తెల్ల పేజీ మీద 5 రాయలేదు. 8 అని, దాని కింద మైనస్ 25216 అని, పెన్సిల్‌తో, స్కేలు పెట్టి డబ్బా గీసి మరీ రాశాను. ఎవరైనా అడగకపోతారా, అప్పుడు 16 బిట్ల కథంతా చెబుదాం అని రెండు రోజులు మనసులో రిహార్సల్ కూడా చేసుకున్నాను. సంతకం పడింది, తేదీతో సహా.

సంతకం అంటే గుర్తొచ్చింది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది కదా. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు తిరిగొచ్చి ఇస్తారు. చదువు రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది, వీసా రొట్టె కూడా ఉంది. సంతకం రొట్టె మాత్రం లేదు. సెమిస్టర్ చివరి వారంలో స్టాఫ్ రూము బయట మిమ్మల్ని గుండెకు హత్తుకుని నిలబడ్డ అరవై మందిని చూస్తే దర్గా వాళ్లు వెంటనే పెడతారు.

సాఫ్ట్‌వేర్ లోకంలో గిట్ అని ఒకటుంది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాశాడు. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో, తప్పు ఏ రోజు దూరిందో అది పట్టిస్తుంది. మా దగ్గర దాని పని పీడీఎఫ్ చేస్తుంది. ప్రతి బ్యాచ్ సబ్మిట్ చేసే ముందు ఎవడో ఒకడు రికార్డు స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు, కింది బ్యాచ్ దాన్ని ఎక్కిస్తుంది. మాకొచ్చిన పీడీఎఫ్‌లో ఆరో ప్రోగ్రాంలో, జవాబును తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ అనే ఆజ్ఞ ఉండాల్సిన చోట ప్రిట్నెఫ్ అని ఉంది. ఏ బ్యాచ్‌లో ఎవడు నిద్రమత్తులో రాశాడో. తాత మెల్ల మనవడికొచ్చినట్టు అరవై మందికీ వచ్చింది. అరవై చోట్లా ప్రిట్నెఫే, అరవై చోట్లా సక్సెస్‌ఫుల్లీ.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇక చదువులేమైపోతాయో అని ఊరంతా టెన్షన్ పడింది. మా దగ్గర ఏమీ కాలేదు. ఇంతకుముందు సీనియర్ రాసింది ఎక్కించేవాళ్లం, ఇప్పుడు అది రాసింది కూడా ఎక్కిస్తున్నాం. చెయ్యి నొప్పి అదే. పెద్ద ఫ్యాక్టోరియల్‌కి ఏం చేయాలని దాన్నే అడిగితే ఇంట్ బదులు, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ వాడమంది. లాంగ్ లాంగ్ సీ భాషలోకి 1999 స్టాండర్డుతో గానీ రాలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు పుట్టిన నీలి తెరను ఆ మాట అడగడం, ఇంకా పుట్టని మనవడి పేరు తాతను అడగడమే.

చేత్తో రాస్తే బుర్రకెక్కుతుంది అంటారు మా సార్లు. కొట్టిపారేయను. మీ చెల్లెలు, రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ రికార్డు, నాకు ఒక మేలు చేసింది. లింక్డ్ లిస్టు, అంటే బాణాలతో గొలుసుకట్టిన డబ్బాల వరస, బొమ్మ ఉన్న పేజీ పీడీఎఫ్‌లో సగం తెగిపోయింది. బాణాలు యాడికి పోతున్నాయో కనపడలేదు. దిక్కులేక నేనే గీయాల్సి వచ్చింది. రెండు డబ్బాల మధ్య కొత్త డబ్బా దూర్చాలి. మొదట ఇవతలి దాని బాణాన్ని కొత్తదాని వైపు తిప్పాను. అంతే, అవతలి డబ్బాలన్నీ గాల్లో తేలిపోయాయి, వాటిని పట్టుకునే బాణమే లేదు. చెరిపాను. మళ్లీ అదే తప్పు. మూడోసారి, కొత్తదాన్ని ముందు అవతలి డబ్బాకు తగిలించి, ఆ తర్వాత ఇవతలి బాణం తిప్పితే గొలుసు నిలిచింది. రైలు మధ్యలో పెట్టె తగిలించేవాళ్లకు ఇదంతా నవ్వులాటగా ఉంటుందేమో గానీ, నాకు పాయింటర్ అంటే, ఆ బాణమంటే, ఏమిటో తెలిసింది ఆ రాత్రే. మూడు గంటల యూట్యూబ్ వీడియోలకు ఎక్కనిది రబ్బరు ముక్కతో ఎక్కింది. రబ్బరు దెబ్బకు పేజీ కాస్త చిరిగింది కూడా.

ఆ పేజీ కింద సార్ ఎర్ర ఇంకుతో "డయాగ్రం నీట్‌గా లేదు" అని రాశారు. నాలుగు సెమిస్టర్లలో మీ వంశం మొత్తానికీ ఎవరైనా ఒక మాట రాసింది అక్కడే.

బయటి నుంచి సార్ వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు మిమ్మల్ని చూస్తే మా కందుకూరు పొగాకు వేలం గుర్తొస్తుంది. వరసగా బేళ్లు పెట్టి ఉంటాయి. కొనేవాళ్లు నడుచుకుంటూ వచ్చి పైన నాలుగాకులు లాగి చూసి ముందుకు పోతారు. ఏడాది కష్టం అడుగున ఉంటుంది. మీకు ఆ నాలుగాకులు కూడా లాగరు. ఇండెక్స్ తెరిచి సంతకాలు లెక్కపెట్టి మూసేస్తారు. ఒక్క సంతకం తగ్గితే నోబిడ్, అంటే కొనేవాడు లేక బేలు వెనక్కి పోయినట్టే. మా నాయన బేలుకు నోబిడ్ పడితే ఇంటికి తెచ్చుకుని మళ్లీ గ్రేడు చేసుకుంటాడు. నేను స్టాఫ్ రూము బయట నిలబడతాను.

ఇదంతా మీకిప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న రాత్రి మొదటి ఏడాది పిల్లాడొకడు ఫోన్ చేశాడు. మా బ్యాచ్ నుంచి కిందికి పోయిన పీడీఎఫ్ నాదేనట. రెండు బ్యాచ్‌లుగా అందరి రికార్డుల్లో 8, మైనస్ 25216 నడుస్తున్నాయట. నాకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఏడాది ల్యాబ్‌లో నీలి తెర తీసేసి కొత్త కంపైలర్ పెట్టారట. దాంట్లో ఇంట్ 4 బైట్లు.

"అన్నా, 8 కొడితే కంప్యూటర్‌లో 40320 వస్తాంది. నీ రికార్డులో మైనస్ ఉంది. ఏది రాయాలన్నా?"

"మీ సార్‌ని అడగలేదా?"

"అడిగినా అన్నా. రికార్డులో ఉందే రాయమన్నాడు."

ఇట్లు,
మీ బోనఫైడ్ విద్యార్థి