గేరు దించి ఆపాలా, బ్రేకు తొక్కి ఆపాలా?

(మాన్యువల్ గేర్ల కారు నడపడం నేర్పే మాస్టారు ఒకవైపు, క్లచ్‌లూ గేర్‌బాక్సులూ విప్పి కట్టే మెకానిక్ ఇంకోవైపు. "బండి ఆపాలంటే ఒక్కో గేరూ దించుకుంటూ రావాలి" అన్న పాత పాఠం మీద ఇద్దరి వాదన.)

మాస్టారు: బండి నాలుగో గేరులో ఉంది, దూరంగా ఎర్రలైటు పడింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి, మూడు వేయాలి, రెండు వేయాలి, చివర్లో బ్రేకుతో ఆపాలి. ఇలా వస్తే బండి ఎప్పుడూ వేగానికి తగ్గ గేరులోనే ఉంటుంది. మధ్యలో పచ్చలైటు పడితే తడుముకోకుండా లాగుతుంది. ఇందులో తప్పేముంది తమ్ముడూ?

మెకానిక్: ఆపడం బ్రేకుల పని మాస్టారూ. ప్యాడ్లు అరిగితే చక్రం విప్పి, క్యాలిపర్ జరిపి కొత్తవి వేసేస్తాం. ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే క్లచ్ ప్లేటు అరిగితే గేర్‌బాక్సే కిందికి దించాలి. తేలిగ్గా మార్చుకునేదాన్ని దాచుకుని, మార్చడానికి బండి సగం విప్పాల్సినదాన్ని అరగదీయడం ఏం లెక్క? మీరు గేరు దించి క్లచ్ వదిలిన ప్రతిసారీ, నెమ్మదించిన ఇంజిన్‌ను మళ్ళీ వేగంగా తిప్పే బరువు ఆ ప్లేటు మీదే పడుతుంది.

మాస్టారు: వదిలే తీరు తెలియకపోతే పడుతుంది.

మెకానిక్: ఎంత పడుతుందో చూద్దాం. మూడో గేరు నిష్పత్తి, అంటే గేర్‌బాక్స్ బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు, 1.3, రెండోది 1.9 అనుకోండి. మూడులో ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద తిరుగుతుంటే, అదే వేగంలో రెండుకు 2,900 దాటాలి. క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ఆ కాస్సేపట్లో ఇంజిన్ పెరగదు సరికదా, 1,200 దాకా పడిపోతుంది. అప్పుడు క్లచ్ వదిలితే ప్లేటుకీ, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కీ మధ్య 1,700 తేడా. ఆ తేడా పోయేదాకా రెండూ ఒరుసుకుంటూనే ఉంటాయి. బండి ముందుకు తూలుతుంది. తడిరోడ్డు మీద అయితే ఇంజిన్ తిప్పే చక్రాలు జారిపోవచ్చు కూడా.

మాస్టారు: అందుకే ఆ 2,900ని కాలితో ఇవ్వమంటాను. క్లచ్ తొక్కు. రాడ్ రెండులోకి వెళ్తుండగానే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టు. మీటర్ ముల్లు మూడువేల దగ్గరికి ఎగరగానే క్లచ్ వదులు. సరిగ్గా కుదిరితే గేరు మారిన సంగతి చెవికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలియదు. ఇక ప్లేటు ఎక్కడ అరుగుతుంది?

మెకానిక్: అలా కుదిరితే ప్లేటుకు ఏమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ గేర్‌బాక్స్ లోపల ఇంకోటుంది. క్లచ్ తొక్కినప్పుడు ఇంజిన్ విడిపోతుంది గానీ, గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టూ దాని మీదున్న క్లచ్ ప్లేటూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని 2,000 నుంచి 2,900కి ఎత్తే పని సింక్రోనైజర్ రింగుది. చాలా బళ్ళలో అది ఉంగరంలాంటి చిన్న ఇత్తడి రింగు. మీరు యాక్సిలరేటర్ తట్టినా క్లచ్ తొక్కే ఉంది కాబట్టి ఆ సాయం రింగుకు అందదు. నాలుగు, మూడు, రెండు అని ప్రతి లైటు దగ్గరా దించుకొస్తే, రింగు గాడులు ముందుగా అరిగేది ఆ గేర్లలోనే. ఆ తర్వాత రెండు వేస్తే గరగరమంటుంది.

మాస్టారు: దానికి డబుల్ క్లచ్ ఉంది కదా. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తీయి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తట్టు, మళ్ళీ తొక్కి రెండు వెయ్యి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలావు కాబట్టి ఇంజిన్ ఆ షాఫ్ట్‌ను కూడా ఎత్తుతుంది. రింగుకు పని మిగలదు.

మెకానిక్: నిజమే. కానీ ఆ కష్టం తప్పించాలనే 1928లో క్యాడిలాక్ కార్లలో గేర్ల వేగాలు కలిపే సింక్రోమెష్ పెట్టారు. రింగులు బాగున్న బండికి రోజువారీ నడకలో డబుల్ క్లచ్ అక్కర్లేదు. రింగు అరిగి గేరు మొరాయిస్తున్న బండికి మాత్రం గేర్‌బాక్స్ విప్పేదాకా అదే దిక్కు. రోజువారీకి నేను చెప్పేది వేరే ఉంది: రాడ్‌ను గుద్దకండి. గేరు గుమ్మం దాకా రెండు వేళ్ళతో తీసుకెళ్ళి, మెత్తగా ఆనించి ఉంచండి. లోపల వేగాలు కలిసేదాకా రింగు అడ్డంగా నిలబడి ఉంటుంది. కలవగానే తప్పుకుంటుంది, రాడ్ దానంతట అదే లోపలికి జారుతుంది. ఆ అరసెకను ఓపిక పట్టనివాళ్ళే రింగులు తినేస్తారు.

మాస్టారు: ఈ మాట నేర్చుకునేవాళ్ళందరికీ చెప్పాల్సిందే. సరే, మరి నీ పద్ధతిలో బండి ఎలా ఆపాలి? దూరం నుంచే న్యూట్రల్ చేసి బ్రేకు తొక్కమంటావా? అయితే నేను ఒప్పుకోను. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంధనం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేస్తే ఐడ్లింగ్ నిలబెట్టడానికి ఇంజిన్ మళ్ళీ తాగడం మొదలుపెడుతుంది. ఆదా అనుకుని చేసే పని ఖర్చుకు పోతుంది. పైగా అడ్డంగా ఎవరైనా వస్తే, తప్పించడానికి చేతిలో గేరుండదు.

మెకానిక్: న్యూట్రల్ అనలేదు మాస్టారూ. నాలుగులోనే ఉంచి బ్రేకు తొక్కండి. ఇంజిన్ వెయ్యికి దగ్గరపడుతుంది, బండి వణకబోతుంది. అప్పుడు, అప్పుడే, క్లచ్. ఆగిపోవాల్సి వస్తే ఆగండి. ఈలోపు పచ్చలైటు పడితే ఆ వేగానికి ఏ గేరు తగునో నేరుగా అదే వేయండి. నాలుగు నుంచి రెండుకు వెళ్తే పాపమేమీ లేదు, మధ్యలో మూడును పలకరించే పనిలేదు.

మాస్టారు: నేరుగా దూకడం నాకూ సమ్మతమే, వేగం ముందే తగ్గించి ఉంటే. చదును రోడ్డు మీద, లైటు దగ్గర, నీ మాట వింటాను. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం వినను. పొడవాటి దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే డిస్కులు మండిపోతాయి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155. ఆయిల్ మరిగిందంటే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది. పెడల్ నేలదాకా వెళ్తుంది, బండి ఆగదు.

మెకానిక్: అక్కడ నేను ఎదురు చెప్పను. దిగుడులో ఇంజిన్‌తోనే పట్టాలి. మూడో రెండో వేసుకుని కాలు తీసేస్తే ప్లేటు అసలు జారదు, గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి అరుగుదలే లేదు. ఒక్కటే షరతు: ఆ గేరు దిగుడు మొదలయ్యే ముందే వేయాలి. వేగం ఎక్కాక సగం దిగుడులో దించబోతే ఇందాకటి లెక్కే, ఇంకా పెద్ద అంకెలతో.

మాస్టారు: పెద్ద అంకెలంటే గుర్తొచ్చింది. తప్పు గేరు పడితే?

మెకానిక్: అన్నిటికన్నా ఘోరం అది. ఐదో గేరు నిష్పత్తి 0.8, ఇంజిన్ 3,000 మీద ఉంది. నాలుగు వేయబోయి రాడ్‌ను ఎడమకు లాగారు, రెండులో పడింది. క్లచ్ వదలగానే చక్రాలు ఇంజిన్‌ను 7,100కి తిప్పేస్తాయి. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే లిమిటర్ ఇంధనం ఆపగలదు గానీ, చక్రాలు తిప్పుతుంటే ఏం చేయగలదు? వాల్వులు సమయానికి మూసుకోలేక పిస్టన్‌కు తగిలితే ఇంజిన్ పోయినట్టే.

మాస్టారు: దానికి మందు చేతిలోనే ఉంది. ఐదు నుంచి నాలుగుకు రాడ్‌ను పిడికిట్లో పట్టకూడదు. అరచేయి తెరిచి వెనక్కి లాగితే చాలు. న్యూట్రల్‌కు రాగానే స్ప్రింగే దాన్ని మూడు-నాలుగు వరసలోకి తెస్తుంది. అక్కణ్ణుంచి నేరుగా వెనక్కి. ఎడమకు తోసే బలం చేతిలో ఉండకపోతే రెండులో పడే దారే లేదు. గేరు పడగానే చేయి స్టీరింగ్ మీదికి వచ్చేయాలి.

మెకానిక్: రావాలి. రాడ్ మీద చేయి ఆనించి ఉంచితే ఆ బరువు లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్క్ మీద పడుతుంది. ఫోర్క్ నిలబడి ఉంటుంది, అది పట్టుకున్న స్లీవ్ గిర్రున తిరుగుతుంటుంది. రెండూ ఒరుసుకుంటాయి. క్లచ్ మీద ఎడమకాలు ఆనించి నడపడమూ అంతే, పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగూ ప్లేటూ రెండూ పోతాయి.

మాస్టారు: ఇంధనం మిగులుతుందని 1,200 మీదే ఐదో గేరు వేసి పెడల్ అంతా నొక్కేవాళ్ళ సంగతి కూడా చెప్పు.

మెకానిక్: ఇంజిన్ మూలుగుతూ లాగుతుంది, లోపల ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనే నాకింగ్ వస్తుంది. టర్బో పెట్రోలు ఇంజిన్లకు అది మరీ చేటు. ఎక్కుడు కనిపిస్తే ముందే ఒక గేరు దించాలి. గేరు దించడానికి నేను వ్యతిరేకిని కాను మాస్టారూ, ఆపడానికి దించడానికే వ్యతిరేకిని.

మాస్టారు: లైటు దగ్గర బండి పూర్తిగా ఆగాక మాత్రం వెంటనే న్యూట్రల్ చేయమంటావేమో. నేను మాత్రం వెనక బండి ఆగేదాకా ఫస్ట్ గేరు, క్లచ్, బ్రేకు అంటాను. వెనకవాడు ఆగేలా లేడని అద్దంలో కనిపిస్తే ముందుకో పక్కకో తప్పుకోవాలి కదా.

మెకానిక్: వెనక బండి ఆగడానికి పది సెకన్లు పట్టొచ్చు. పది సెకన్లకు బేరింగ్‌కేమీ కాదు. లైటు మారేదాకా తొక్కి ఉంచడమే వద్దనేది.

మాస్టారు: అది నేనూ వద్దంటాను. వెనక బండి ఆగిందా, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, అప్పుడు క్లచ్ మీంచి కాలు తీయాలి.