వార్డెన్ సంతకం చెల్లదు

పేరు, అడ్మిషన్ నంబరు, సెక్షన్, రూమ్ నంబరు. ఈ నాలుగు గడులూ నింపాకే అసలు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, చదువు మీద మనసు నిలుస్తోందా అని అడుగుతూ వచ్చి, తొమ్మిదో ప్రశ్న దగ్గర చావు గురించి ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతారు. అడుగున తల్లి, తండ్రి లేదా సంరక్షకుడి సంతకం అని ఉన్న గీత మీద వార్డెన్ సంతకం ఉంటుంది. సెక్షన్ మొత్తానికి ఒకే పెన్ను, ఒకే రాత. విజయవాడ చుట్టుపక్కల కొన్ని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో మానసిక ఆరోగ్య పరిశోధన పేరిట ఈ ఫారాలను స్టడీ అవర్లో, ఇన్‌ఛార్జి బెంచీల మధ్య తిరుగుతుండగా నింపిస్తున్నారు. పదహారేళ్ల పిల్ల తన మనసులో మాట రాస్తే అది ఎవరి బల్ల మీదికి వెళ్తుందో ఆ పిల్లకూ తెలియదు, ఊళ్లో ఉన్న కన్నవాళ్లకూ తెలియదు.

ఈ హడావుడి ఎక్కడ మొదలైందో పాఠకులకు తెలుసు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకూ కోచింగ్ సెంటర్లకూ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. మార్కులను బట్టి పిల్లల్ని వేరే బ్యాచిల్లో వేయొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. కౌన్సెలర్‌ను పెట్టాలంటే జీతం ఇవ్వాలి. బ్యాచిలు కలపాలంటే ర్యాంకుల వ్యాపారం ఒప్పుకోదు. జిరాక్స్‌కు ఒకటి రెండు రూపాయలు చాలు కాబట్టి ఫారాలతో మొదలుపెట్టారు.

పరిశోధన వద్దని మేము అనడం లేదు, కావాలనే అంటున్నాం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని ఆ సర్వే చెప్పింది. అవే లెక్కలను పదేళ్లుగా మన జిల్లాలకూ అతికించుకుంటున్నాం. ఇక్కడి పిల్లల సంగతి తేలాలంటే ఇక్కడి పిల్లల్నే అడగాలి. సరిగ్గా అడిగితే ఫలితం ఎలా ఉంటుందో పశ్చిమ గోదావరి పల్లెలు చూపించాయి. అక్కడ ఆశా కార్యకర్తలు టాబ్లెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి కుంగుబాటు, ఆందోళనల గురించి అడిగారు. ఇబ్బంది ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు దగ్గరికి పంపారు. ఆ తర్వాత హరియాణాను కలుపుకొని 44 పీహెచ్‌సీల పరిధిలో జరిగిన అధ్యయనంలో ఈ పద్ధతి అందిన గ్రామాల్లో కుంగుబాటు తగ్గింది. అడిగేముందు ఒప్పుకోలు తీసుకున్నారు, అడిగాక వైద్యానికి దారి చూపించారు. ఇప్పుడు కాలేజీల్లో జరుగుతున్న తంతులో ఆ రెండూ లేవు.

వార్డెన్ సంతకం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిపినప్పుడు పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లెక్కలు బయటపెట్టి గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఈరోజు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. ఎవరి బిడ్డ గురించి ఎవరు ఒప్పుకున్నారన్నదే అక్కడ తప్పు. 2011లో మన పిడుగురాళ్ల మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో ఔషధ పరీక్షలకు తీసుకెళ్లిన వ్యవహారం గుంటూరు వాళ్లు మరిచిపోయి ఉండరు. ఏమి మింగిస్తున్నారో కూడా వారిలో చాలామందికి తెలియదు. రెండు చోట్లా కాగితం మీద సంతకమో వేలిముద్రో ఉంది, సమ్మతి మాత్రం లేదు. ఈరోజు ప్రశ్నపత్రానికి వార్డెన్ సంతకం చెల్లుబాటైతే, రేపు రక్త నమూనాకూ ఎల్లుండి మాత్రకూ అదే సంతకం సరిపోతుందంటారు.

నిబంధన మసకగా ఏమీ లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వారి విషయంలో తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల అంగీకారం ఉండాలి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలైతే దానికి తోడు వాళ్లంతట వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇంట్లో సరేనన్నా పిల్ల వద్దంటే అక్కడితో ఆగాలి. హాస్టల్ ఫీజు కట్టించుకున్నంత మాత్రాన వార్డెన్ చట్టబద్ధ సంరక్షకుడైపోడు. జూన్‌లో అడ్మిషన్ ఫారం మీద గంపగుత్తగా పెట్టించిన సంతకమూ పనికిరాదు, ఎందుకంటే ఏ అధ్యయనానికి ఒప్పుకుంటున్నారో అందులో ఉండదు. మానసిక అనారోగ్యంతో ఉన్నవారి విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ ఇంకా కచ్చితంగా ఉంది. కేవలం ఇంటర్వ్యూ చేసే పరిశోధనకైనా స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం ఉండాల్సిందే. ఇచ్చినవారు దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

తల్లిదండ్రులు ఎక్కడో పల్నాడులోనో ప్రకాశంలోనో ఉంటారు, వేల సంతకాలు తేవడం కష్టం, ఇది ఇంజెక్షన్ కాదు ప్రశ్నలే కదా అని యాజమాన్యాలు అంటున్నాయి. రిస్కు బాగా తక్కువగా ఉన్న అధ్యయనాల్లో అంగీకార పత్రం నుంచి మినహాయింపు ఇచ్చే వీలుందన్నది నిజమే. అయితే ఆ మినహాయింపు పరిశోధనలను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ ఇవ్వాలి, వార్డెన్ కాదు. టర్మ్ ఫీజు బాకీ ఉంటే అదే పల్లెకు సాయంత్రంలోగా ఫోన్ వెళ్తుంది. సంతకానికి మాత్రం దూరం అడ్డొచ్చిందా? తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఆదివారం గేటు దగ్గర ఒక బల్ల వేసి, తెలుగులో రాసిన సమాచార పత్రం చేతికిచ్చి, పది నిమిషాలు విడమరిచి చెబితే పని జరుగుతుంది.

సంతకం సంగతి పక్కన పెట్టినా ఈ ఫారాలు దేనికీ కొరగావు. తొమ్మిది ప్రశ్నల ఈ కొలత పేరు పీహెచ్‌క్యూ-9. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలని అర్థమే గానీ జబ్బు ఖాయమని కాదు. అది గత రెండు వారాల సంగతి అడుగుతుంది. వీకెండ్ పరీక్షలు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు ఉన్న వారంలో అడిగితే నిద్ర, అలసట, ఏకాగ్రత ప్రశ్నలకే ఐదారు మార్కులు పడిపోతాయి. మరోవైపు వెనక ఇన్‌ఛార్జి నిలబడి ఉంటే తొమ్మిదో ప్రశ్నకు ఎవరైనా సున్నా చుట్టి ఊరుకుంటారు. పైన రూమ్ నంబరు రాసినవాళ్లు కింద నిజం రాస్తారా? అలసట ఉన్నచోట జబ్బు కనిపిస్తుంది, ఆపద ఉన్నచోట అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ శాతాలు రేపు కాలేజీ బ్రోచర్‌లోకి ఎక్కుతాయి.

తొమ్మిదో ప్రశ్నతో ఇంకో చిక్కుంది. పేరు తీసుకోకపోతే ఆ పిల్లను వెతికి పట్టుకునే దారి లేదు. పేరు తీసుకుంటే అదే రోజు చూసే మనిషి ఉండాలి. అందుకే తెలిసినవారు పేరు బదులు కోడ్ నంబరు వేసి, కోడ్‌కూ పేరుకూ లంకె ఉన్న జాబితాను పరిశోధకుడి దగ్గర మాత్రమే తాళం వేసి ఉంచుతారు. ఫారాలను ఆ పూటే చూసి, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకేది వచ్చినా ఆ రోజే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తారు. కట్టలు కట్టి నెల తర్వాత ఎక్సెల్‌లో ఎక్కించే పద్ధతిలో ఆ పిల్ల ఆ నెలంతా ఒంటరిగానే ఉంటుంది.

పరిశోధనలో పాలుపంచుకోవాలనుకునేవారు వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. గుంటూరు జీజీహెచ్‌లోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి వెళ్లినప్పుడు పీజీ డాక్టరు థీసిస్ కోసం అడిగితే తెలుగు సమాచార పత్రం అడగండి. దాన్ని ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. చదువురాని వారు వేలిముద్ర వేస్తే పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మందును పరీక్షించే అధ్యయనమైతే సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. సంవత్సరం, నెల, ఆపైన వరుస సంఖ్య ఉంటాయి. ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఎక్కడ జరుగుతోంది, ఎంతమందిని తీసుకుంటున్నారు, కమిటీ అనుమతి వచ్చిందా అన్నవి కనిపిస్తాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే అక్కడ నమోదు చేయాలి. పరీక్ష వల్ల ఒంటికి హాని జరిగితే ఉచిత వైద్యం మీ హక్కు, కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల్లో ఉంది. కొత్త మందు కోసం పాత మాత్ర ఆపమంటే, ఎన్నాళ్లలో ఎంతెంత తగ్గిస్తారో కాగితం మీద రాయించుకోండి. కుంగుబాటు మందులు ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. మధ్యలో మానుకుంటే మీ మామూలు వైద్యం ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. పరిశోధనతో పనిలేకుండా మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంటర్ బోర్డు అధికారులకు ఇవేవీ తెలియనివి కావు. ప్రాక్టికల్స్ రికార్డులో ఒక్క సంతకం లేకపోతే ప్రిన్సిపాల్‌ను పిలిపించే బోర్డు తనిఖీ అధికారులు, వేల మంది పిల్లల మనసుల మీద పడిన దొంగ సంతకాలను చూసీ చూడనట్టు ఉండడం ఏమిటి? ఈ అధ్యయనాలకు పేరిచ్చిన వైద్యులు ఖమ్మం ఫారాల గతి చదివే డాక్టర్లయ్యారు. వార్డెన్ సంతకం కింద తమ పేరు అచ్చవడానికి వాళ్లు ఎలా ఒప్పుకున్నారు? యాజమాన్యాలకు మా ప్రశ్న సూటిగా ఉంది. ఇప్పటిదాకా నింపించిన ఫారాలు ఏ బీరువాలో ఉన్నాయి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కానిది రాసిన పిల్లలతో ఎవరు, ఏ తేదీన మాట్లాడారు? ఈ ఆదివారం గేటు దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల చేతికి ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసివ్వండి. ఈసారైనా కింద ప్రిన్సిపాల్ తన సంతకమే పెట్టాలి.