ఆటలో గల్లాపెట్టె

కొత్త వీడియో గేమ్ వచ్చిందంటే బొమ్మలు ఎంత సహజంగా ఉన్నాయి, కథ ఎలా ఉంది, ఎన్ని గంటలు ఆడుకోవచ్చు అన్న చర్చ జోరుగా సాగుతుంది. కొనుగోలు బటన్ ఎక్కడ పెట్టారన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. పెద్ద సంస్థల ఆటల్లో అన్నిటికన్నా శ్రద్ధగా రూపొందుతున్నది అదేనని మా అనుమానం.

ఫోర్ట్‌నైట్ ఆట తయారీదారు ఎపిక్ గేమ్స్‌పై అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన అభియోగాలే చూడండి. నిద్రాణంగా ఉన్న ఆటను మేల్కొలపబోయి బటన్ నొక్కినా, తెర లోడవుతుండగా వేలు తగిలినా, వస్తువు ఎలా ఉందో చూద్దామని పొరపాటున పక్క బటన్ నొక్కినా డబ్బు కోతపడేదని కమిషన్ పేర్కొంది. అదేమిటని క్రెడిట్ కార్డు సంస్థకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలకు తాళం పడిందట. 2022 డిసెంబరులో ఎపిక్ మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు ఈ కొనుగోళ్ల లెక్క, మిగతాది పిల్లల గోప్యతను ఉల్లంఘించినందుకు జరిమానా. పాత్ర దూకడానికి ఏ బటన్ నొక్కాలో, బొటనవేలికి అది ఎంత తేలిగ్గా అందాలో పరీక్షించి మరీ తేల్చుకునే పరిశ్రమ ఇది. డబ్బు కోసే బటన్ దగ్గరకు వచ్చేసరికి ఏమరుపాటు జరిగిందంటే నమ్మేదెలా?

జెన్షిన్ ఇంపాక్ట్ సంగతి ఇంకో రకం. ఆట కనువిందుగా ఉంటుంది, కాదనలేం. అందులో మేటి పాత్ర దక్కాలంటే అదృష్టాన్ని పరీక్షించుకోవాలి. డబ్బుతో ఆ పని చేయాలంటే ముందు స్ఫటికాలు కొనాలి, వాటిని ప్రైమోజెమ్‌లుగా మార్చుకోవాలి, 160 ప్రైమోజెమ్‌లు ఇస్తే ఒక్క ప్రయత్నం. ఒక్కో ప్రయత్నంలో అయిదు నక్షత్రాల బహుమతి తగిలే అవకాశం 0.6 శాతం. 90వ ప్రయత్నానికల్లా ఒకటి రావడం ఖాయమే, కానీ అది కోరుకున్న పాత్రే అవుతుందన్న పూచీ లేదు. ఇన్ని మారకాలు దాటేసరికి జేబులోంచి ఎంత పోయిందో లెక్క తప్పుతుంది. తప్పాలనే కదా ఆ మారకాలు! 2025 జనవరిలో ఈ ఆటను నడిపే సంస్థ కూడా అదే కమిషన్‌తో 2 కోట్ల డాలర్లకు రాజీ పడింది. 16 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్‌బాక్సులు అమ్మబోనని మాట ఇచ్చింది. ఏం దొరుకుతుందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే ఆ పెట్టెలను బెల్జియం 2018లోనే జూదంగా తేల్చింది.

మిగతా ఐరోపా తీరు చిత్రంగా ఉంది. బలాట్రో అనే ఆటను ఒకే ఒక్కరు తయారు చేశారు. పేకముక్కలుంటాయి గానీ పందెం లేదు, ఒకసారి కొంటే ఆపైన పైసా అడగదు. వయసు రేటింగులిచ్చే పెగీ సంస్థ దానికి 18 ఏళ్ల ముద్ర వేసింది. డబ్బిచ్చి గుడ్డిగా ప్యాకెట్లు విప్పే ఫుట్‌బాల్ ఆటకు మాత్రం 3 ఏళ్లవారు ఆడవచ్చని అప్పట్లో పచ్చజెండా ఊపింది! అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో బలాట్రో రేటింగ్ 12కు దిగింది. తెరపై కనిపించే బొమ్మను చూసి భయపడి, తెర వెనుక బేరాన్ని వదిలేస్తే జరిగేది ఇదే.

ఆట ఉచితం, కొనమని ఎవరూ బలవంతం చేయలేదు, తయారీ ఖర్చు ఆకాశాన్నంటింది అని కంపెనీలు అంటాయి. ఖర్చు మాట నిజమే. అయితే ఆ ఖర్చును రాబట్టడానికి ఎంచుకున్న దారి పరిశ్రమనే తినేస్తోంది. ఏళ్ల తరబడి డబ్బు రాల్చే ఆటే కావాలని అందరూ ఎగబడ్డారు. ఆడేవాడికి ఉన్నది రోజుకు 24 గంటలే. అలాంటి ఆట ఒకదానిలో ఇరుక్కున్నవాడు రెండోదాని వైపు ఎందుకు చూస్తాడు? సోనీ 2024 ఆగస్టులో విడుదల చేసిన అలాంటి ఆట కాంకర్డ్‌ను రెండు వారాలకే వెనక్కి తీసుకుని, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చింది. అక్టోబరులో దాన్ని తీసిన స్టూడియోనే మూతపడింది. సుమారు 6,900 కోట్ల డాలర్లతో ఆటల సంస్థ యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొన్న మైక్రోసాఫ్ట్, మూడు నెలలు తిరిగేసరికి గేమింగ్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. హై-ఫై రష్ ఆటతో ప్రశంసలందుకున్న తన స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్ మూసివేతను కూడా 2024 మే నెలలో ప్రకటించింది. తర్వాత వేరే సంస్థ దాన్ని ఆదుకుంది, అది వేరే మాట. మంచి ఆట తీస్తే ఉద్యోగం నిలుస్తుందన్న నమ్మకం కూడా పోయాక రూపకర్తలు ఏ ధైర్యంతో కొత్తదనం వైపు అడుగేస్తారు?

కొన్నవాడి గతి కూడా అంతే. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ కార్ల ఆట, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయగానే ఎందుకూ కొరగాకుండా పోయింది. ఒంటరిగా ఆడుకుందామన్నా తెరుచుకోదు. దీనిపై రేగిన ఆగ్రహం ఐరోపా పౌరుల విజ్ఞాపనగా మారి, 2025 జులై నాటికి 10 లక్షల సంతకాలు దాటింది.

వినోదం అమ్ముకోవడం తప్పని మేము అనడం లేదు. ధరను ప్రతి మెట్టులోనూ అసలు కరెన్సీలో చూపించాలి. స్ఫటికాలూ జెమ్‌ల చాటున దాచకూడదు. గెలుపు అవకాశం శాతాలను కొనుగోలు తెరపైనే పెద్ద అక్షరాల్లో ఉంచాలి. పిల్లలకు గుడ్డి బేరాలు పూర్తిగా నిషేధించాలి, తల్లిదండ్రుల అనుమతి అనే సందు కూడా వద్దు. సర్వర్లు మూసే రోజున ఆటను ఆఫ్‌లైన్‌లో ఆడుకునేలా అప్పగించడం చట్టబద్ధమైన బాధ్యత కావాలి. ఇది సాంకేతికంగా సాధ్యం కాదన్న వాదన చెల్లదు. ది క్రూపై ఆందోళన చెలరేగాక, ది క్రూ 2కు ఆఫ్‌లైన్ సదుపాయం ఇస్తామని యూబీసాఫ్టే ప్రకటించింది.